లెక్కలో రాని నీళ్లు: వేడెక్కి ఆగిపోయిన ఒక కారు కేసు

ఒంగోలులో నాకు చిన్న షెడ్డు ఉంది. ఇరవై ఏళ్లకు పైగా చిన్న కార్లు బాగుచేస్తున్నాను. ఈ కేసు రాస్తున్నది ఇందులో ఏదో అరుదైన జబ్బు ఉందని కాదు. ఎండాకాలంలో ఇలాంటి బండి వారానికి ఒకటైనా వస్తుంది. కాకపోతే ఈ బండి యజమాని కొన్న రోజు నుంచీ లెక్క రాస్తున్న మనిషి. ఏ రోజు ఏమి చేయించారో, ఎంత పెట్టారో అన్నీ నోటుపుస్తకంలో ఉన్నాయి. మాకు సాధారణంగా దొరకనిది అదే. బండి జబ్బు మాకు కనిపిస్తుంది, చరిత్ర కనిపించదు. రాయడానికి రెండో కారణం, మొదటిసారి బండి నా దగ్గరికి వచ్చినప్పుడు తప్పు చేసింది నేనే.

యజమాని విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. ఊళ్లో అందరూ మాస్టారు అనే పిలుస్తారు, నేనూ అంతే. బండి 2012లో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను. సిలిండర్లు ఉండే బ్లాకు, దాని మీద మూతలా కూర్చునే హెడ్ రెండూ అల్యూమినియం. మొదటిసారి వచ్చేసరికి 86,400 కి.మీ. తిరిగింది. పదేళ్ల బండికి అది ఎక్కువ కాదు. పెయింటు మెరుస్తోంది, సీట్ల కవర్లు ఉతికి ఉన్నాయి, టైర్లు నాలుగూ సమానంగా అరిగాయి. ఇలా చూసుకునే బండికి పెద్ద రోగం రాదని అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

2022 మే: నేను చేసిన పని

మాస్టారు చెప్పిన ఫిర్యాదు ఇది. విజయవాడ వెళ్లి వస్తుంటే హైవే మీద ఏసీ వేసిన అరగంటకు వేడి ముల్లు సగం దాటి పైకి వెళుతోంది. ఏసీ ఆపితే దిగుతోంది. ఊళ్లో తిరిగితే ఏమీ లేదు.

మేలో ఒంగోలు ఎండ 42, 43 డిగ్రీలు. ఆ వారం వేడి ఫిర్యాదుతో వచ్చిన నాలుగో బండి అది. రేడియేటర్ మూత విప్పి చూస్తే లోపల నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. మూత స్ప్రింగు నీరసించింది. దాని మీద 1.1 అని రాసి ఉంటుంది, అంటే 1.1 బార్ ఒత్తిడి వరకు ఆపాలి. నా ఒత్తిడి పంపుతో చూస్తే 0.4 దగ్గరే వదిలేసింది. ఇది చిన్న విషయం కాదు. మూత సరిగ్గా ఒత్తిడి పట్టి ఉంచితే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీలు దాటే దాకా మరగవు. 0.4 దగ్గర వదిలేస్తే 109, 110కే మరుగుతాయి. థర్మోస్టాట్‌ను వేడినీళ్ల గిన్నెలో వేలాడదీసి చూశాను. వేడెక్కిన నీళ్లను రేడియేటర్ వైపు వదిలే ఆ తలుపు 82 దగ్గర తెరుచుకోవలసింది, 90 దాకా కదలలేదు. ఫ్యాను సమయానికి తిరుగుతోంది.

రెండు తప్పులు దొరికాయి, రెండూ మార్చాను. రేడియేటర్ కింద గొట్టం ఊడదీసి, షెడ్డులో ఉన్న పైపు పెట్టి ఎర్ర నీళ్లు పోయేదాకా కడిగాను. రెండు లీటర్ల కూలంట్, మిగతా నీళ్లు పోశాను. ఊళ్లోనే కర్నూలు రోడ్డు మీద ఒక పది కిలోమీటర్లు తిప్పాను. ముల్లు సగం దగ్గర బొమ్మలా నిలబడింది. బిల్లు వేసి ఇచ్చేశాను.

ఇక్కడ తప్పు ఎక్కడుందో మెకానిక్ అయినవాడికి ఈపాటికి తెలిసిపోతుంది. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు వేడెక్కి, పరుగెత్తితే చల్లబడే బండికి ఫ్యాను వైపు చూడాలి. పరుగులో వేడెక్కి, నిలబడితే బాగుండే బండికి రేడియేటర్ వైపు, నీటి పంపు వైపు చూడాలి. వేగంలో గాలి తగినంత తగులుతుంది కాబట్టి లోటు గాలిది కాదు, లోపల నీటి ప్రవాహానిది. ఈ బండి ఫిర్యాదు హైవేది. నేను పరీక్షించింది ఊళ్లో. జబ్బు లేని చోట జబ్బు వెతికి, లేదని రాసిచ్చాను.

ఇంకో తప్పు అంతకంటే పెద్దది. నీళ్లు ఎందుకు తగ్గుతున్నాయని అడగలేదు. అసలు తగ్గుతున్నాయా అని కూడా అడగలేదు. నేల మీద మడుగు లేదు, కాబట్టి లీకు లేదనుకున్నాను. ఒత్తిడి పెట్టి చూసే పంపు చేతిలోనే ఉంది, దానితో మూతను పరీక్షించాను, బండిని పరీక్షించలేదు. ఆ రోజు మరో పది నిమిషాలు వెచ్చించి ఉంటే ఈ కేసు రాసేవాడిని కాదు.

కార్తీక మాసం

నవంబరులో మాస్టారు కుటుంబంతో శ్రీశైలం వెళ్లారు. నలుగురు మనుషులు, సామాను, ఏసీ. దోర్నాల దాటాక నల్లమల ఘాట్ రోడ్డు మొదలవుతుంది. గుడి దాకా సుమారు యాభై కిలోమీటర్లు మలుపులే. సగం ఎక్కేసరికి ముల్లు ముప్పాతిక దాటింది. ఆపి, చల్లార్చి, డిక్కీలో ఉన్న సీసాలో నీళ్లు పోసి మళ్లీ బయలుదేరారు. ఎలాగో పైకి చేరారు.

మరుసటి రోజు దిగుతున్నప్పుడు వేడి లేదు. దిగుడులో ఇంజనుకు పని ఉండదు. దోర్నాల దగ్గర ఆగి చూస్తే నీళ్లు మళ్లీ తక్కువ. పక్కన పంక్చర్ షాపు అతను సాయం చేశాడు. రెండు చెంచాల పసుపు తెచ్చి రేడియేటర్‌లో వేశాడు. నవ్వవద్దు, ఇది లారీ డ్రైవర్ల పాత వైద్యం. పసుపులోని పిండి పదార్థం, పీచు వేడినీళ్లలో ఉబ్బి సన్నటి చిల్లుల్లో ఇరుక్కుంటాయి, కారడం కాసేపు ఆగుతుంది. నడి రోడ్డు మీద చిక్కుకున్నవాడికి అది నిజంగా పనికొస్తుంది. చిక్కేమిటంటే పసుపుకు చిల్లు ఏదో గొట్టం ఏదో తెలియదు. సన్నగా ఉన్న ప్రతి దారీ దానికి ఒకటే.

మార్కాపురం దాటాక సమతలం వచ్చింది, వేగం పెరిగింది. ముల్లు లేచి ఎరుపులోకి వెళ్లింది. మాస్టారు ఏసీ ఆపి నెమ్మదించారు. ఆపడానికి చోటు చూసుకుంటుండగా ముల్లు తనంతట తాను కిందికి దిగింది. సగానికి వచ్చింది, తర్వాత ఇంకా కిందికి కూడా వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆరు కిలోమీటర్లు వెళ్లాక పొదిలి ఇవతల ఇంజను శక్తి కోల్పోయి, దడదడలాడి ఆగిపోయింది.

ఆ ముల్లు దిగడమే ఈ కేసులో అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం. వేడి కొలిచే సెన్సరు నీళ్లలో మునిగి ఉండాలి. నీళ్లు దానికంటే కిందికి పోతే అది కొలిచేది లోపల చిక్కుకున్న ఆవిరిని, గాలిని. లోహం కాలిపోతున్నా ముల్లు మాత్రం చల్లగా చూపిస్తుంది. ఎరుపు దాకా వెళ్లిన ముల్లు బండి ఆపకుండానే గబుక్కున దిగిందంటే ఇంజను చల్లబడిందని అర్థం కాదు, లోపల నీళ్లు అయిపోయాయని అర్థం. ఈ సంగతి తెలియకపోవడం మాస్టారి తప్పు కాదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ముల్లు ఎర్ర గీత దాటితే ఆపమని ఉంది. దాటి దిగితే ఏమి చేయాలో లేదు.

విప్పాక కనిపించినవి

బండిని లాక్కొచ్చిన రాత్రి ముట్టుకోలేదు. వేడి మీద హెడ్ బోల్టులు విప్పితే వంగని హెడ్ కూడా వంగుతుంది.

పొద్దున ముందు ఆయిల్ పుల్ల తీసి చూశాను. మాడిన వాసన ఉంది కానీ మీగడలా తెల్లగా లేదు. ఆయిల్‌లోకి నీళ్లు చేరలేదు, అది మంచి వార్త. రేడియేటర్ నింపి, మూత తీసి సెల్ఫ్ కొడితే బుడగలు వచ్చాయి. పొగ పరీక్షకు వాడే నీలం ద్రవం పెట్టి చూస్తే నిమిషంలో పసుపు రంగుకు మారింది. సిలిండర్‌లో మండిన వాయువు నీళ్లలోకి వస్తోందన్నమాట. కంప్రెషన్, అంటే సిలిండర్లు పట్టే ఒత్తిడి, కొలిచాను. ఒకటి, నాలుగు సిలిండర్లు 13 బార్ చుట్టూ ఉన్నాయి. రెండు, మూడు ఎనిమిదిన్నర దగ్గర ఆగాయి. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకే మాదిరి పడిపోతే పిస్టన్ రింగులను అనుమానించే ముందు ఆ రెండింటి మధ్య, హెడ్‌కూ బ్లాకుకూ నడుమ అతుకుగా ఉండే గాస్కెట్‌ను చూడాలి.

హెడ్ దింపితే సరిగ్గా అక్కడే గాస్కెట్ కాలి, ఒక సిలిండర్ నుంచి మరో దానిలోకి దారి పడింది. అక్కడి నుంచే నీటి గది వైపు కూడా ఒక నల్ల గీత పాకింది. హెడ్ మీద ఉక్కు స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజ్ దూర్చాను. 0.05 మి.మీ. దాటకూడని వంపు 0.14 ఉంది. సిలిండర్ గోడల మీద మాత్రం ఫ్యాక్టరీ హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. ఎక్కడా గీరుకుపోలేదు. ఆ ఆరు కిలోమీటర్లు నెమ్మదిగా నడపడమే వాటిని కాపాడింది. అదే వేగం 80 అయి ఉంటే నేను రాసేది ఇంజను మార్పిడి గురించి.

ఇంతవరకు జరిగిన నష్టం సంగతి. కారణం వేరే చోట ఉంది.

నీటి పంపు పుల్లీ వెనక ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. పంపు లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా, అటు నుంచి బయటికి చిమ్మేలా కావాలనే పెట్టిన దారి అది. అద్దం, టార్చి పెట్టి చూస్తే ఆ రంధ్రం కింద బ్లాకు మీద తెల్లటి చార. గోడ మీద పిల్లలు సున్నం పూసినట్టు జానెడు పొడవు. నేల మీద మడుగు ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి ఉండదు, కారదు. వేడెక్కి ఒత్తిడి పుట్టాక కారుతుంది, కానీ పడేది కాలుతున్న బ్లాకు మీద. నేల చేరేలోపే ఆవిరైపోతుంది. మిగిలేది ఆ తెల్ల చార ఒక్కటే. అది మేలో కూడా ఉండి ఉంటుంది. నేను వంగి చూడలేదు.

పంపు విప్పితే దాని రెక్కల అంచులు అరిగిపోయి, చెలామణిలో నలిగిన పాత పైసల్లా పలచబడ్డాయి. బ్లాకు పక్కన నీటి గది రంధ్రాలు మూయడానికి కొట్టే డమ్మీ ప్లగ్గుల్లో ఒకటి వేలితో నొక్కితే లోపలికి పోయేంత తుప్పు.

రేడియేటర్‌ను ఊరికే పారేయబుద్ధి కాలేదు. ముందు ప్రవాహం చూశాను. ఒకే ఎత్తు నుంచి రెండు లీటర్ల నీళ్లు పోస్తే కొత్తదానిలోంచి తొమ్మిది సెకన్లలో దిగిపోయాయి, దీనిలోంచి ముప్పై ఒకటి పట్టింది. తర్వాత రంపంతో కోయించాను. ముప్పై ఎనిమిది గొట్టాల్లో పదమూడు పూర్తిగా మూసుకుపోయాయి. గోడలకు గట్టి తెల్లటి గార, దాని మీద తుప్పు రంగు పొర, నోళ్ల దగ్గర పసుపు ముద్ద. దోర్నాల పసుపు అలాగే ఉంది, వాసనతో సహా.

నోటుపుస్తకం

మాస్టారు తెచ్చిన పుస్తకం రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్. తేదీ, కిలోమీటర్లు, పెట్రోలు లీటర్లు, ధర, ఒక లీటరుకు వచ్చిన మైలేజీ. టైర్లలో గాలి ప్రతి పక్షానికీ. ఇంజను ఆయిల్ ఏడాదికోసారి తప్పకుండా. వైపర్ రబ్బర్లు మార్చిన రోజు కూడా ఉంది. ఇంత శ్రద్ధగా రాసిన లెక్క నేను ఏ యజమాని దగ్గరా చూడలేదు. అందులో రేడియేటర్ నీళ్ల గురించి ఒక్క వరుస కూడా లేదు.

“నీళ్లు ఎప్పుడెప్పుడు పోశారు మాస్టారూ?” అని అడిగాను.

“ప్రతి ఆదివారం పోస్తాను కదయ్యా. బండి కడిగేటప్పుడే అది కూడా అయిపోతుంది” అన్నారు.

“పుస్తకంలో రాయలేదే?”

ఆయన కాసేపు ఆలోచించారు. “డబ్బు పెట్టి కొన్నది కాదు కదా” అన్నారు.

నాకు ఈ కేసు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. పెట్రోలు కొంటాం కాబట్టి రాస్తాం. నీళ్లు ఊరికే వస్తాయి కాబట్టి రాయం. మూసి ఉన్న వ్యవస్థలో నీళ్లు తగ్గకూడదు. తగ్గాయంటే బండి ఒక మాట చెబుతోంది. మనం సీసా తెచ్చి మళ్లీ గీత దాకా నింపామంటే ఆ మాటను తుడిచేస్తున్నాం. వచ్చే ఆదివారం అది మళ్లీ చెబుతుంది, మళ్లీ తుడిచేస్తాం. మాస్టారు తొంభైకి పైగా ఆదివారాలు బోర్డు తుడిచారు.

ఆయన అలవాటు వెనక కారణం ఉంది. కారు నేర్చుకున్నది అంబాసిడర్ మీద. ఆ రోజుల్లో బానెట్ ఎత్తి నీళ్లు పోయడం పూటకోసారి చేసే పని. రాగి, ఇత్తడి రేడియేటర్లు, ఇనుప హెడ్, నెమ్మది పరుగు. గార పడితే రేడియేటర్ షాపువాడు పైట్యాంకు ఊడదీసి, కడ్డీ దూర్చి గొట్టాలు శుభ్రం చేసి మళ్లీ టంకం వేసేవాడు. కాలువ నీళ్లు పోసినా బండి సహించింది. ఇప్పటి రేడియేటర్‌కు అల్యూమినియం గొట్టాలు కాగితంలా పలచన, రెండు పక్కలా ప్లాస్టిక్ ట్యాంకులు మడిచి బిగించి ఉంటాయి. కడ్డీ దూర్చే పని లేదు. పోతే పోయినట్టే. బండ్లు మారాయి, చేతి అలవాటు మారలేదు.

పుస్తకంలో ఇంకొక వరుస దొరికింది. 2019 ఆగస్టు, “పై హోస్ పగిలింది, చీమకుర్తి దగ్గర మార్పించాను, రూ. 650”. కంపెనీ నుంచి వచ్చిన కూలంట్ అంతా ఆ రోజు రోడ్డు మీద పోయింది. అక్కడ దొరికిన నీళ్లు పోసి, ఊరికి వెళ్లాక కూలంట్ పోయించుకోమని చెప్పారట. ఆ పని ఎవరూ చేయలేదు. కూలంట్‌లో ఉండేది కేవలం నీళ్లు త్వరగా మరగకుండా చూసే గ్లైకాల్ కాదు, లోహానికి తుప్పు పట్టకుండా చూసే మందులు కూడా. అవి లేకుండా ఇంజను మూడేళ్లు నడిచింది. తుప్పు రేణువులు, సున్నపు పలుకులు తిరుగుతూ పంపు సీలును గీరాయి. 2021 మొదట్లో నీళ్లు తగ్గడం మొదలైంది, అప్పటి నుంచి ఆదివారపు సీసా.

సీసా నీళ్లు ఇంటి బోరువి. పెన్ను మీటరు పెట్టి చూస్తే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల కొలత, 1,480. తాగునీటికి మన దేశ ప్రమాణం 500 లోపు, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటుంది. టీడీఎస్ అంతా సున్నం కాదు, ఉప్పు కూడా ఉంటుంది. అయినా లెక్క వేసి చూపించాను. వారానికి లీటరు చొప్పున సుమారు తొంభై లీటర్లు. లీటరుకు 1,480 మిల్లీగ్రాములు. మొత్తం 133 గ్రాములు. నీళ్లుగా కారిన దానితో కొంత బయటికి పోయి ఉంటుంది, ఆవిరిగా పోయిన దాని లవణం మాత్రం లోపలే మిగులుతుంది. సగం మిగిలిందనుకున్నా ఒక చిన్న గిన్నెడు గార. సున్నపు పొర వేడిని అల్యూమినియంతో పోలిస్తే దాదాపు నూరో వంతు మాత్రమే దాటనిస్తుంది. గీజర్ కాయిల్ తీసి చూసిన ఏ ఇల్లాలికైనా ఇది కొత్త విషయం కాదు. పొదిలి, కనిగిరి వైపు నుంచి వచ్చే బండ్లలో ఇంతకంటే దారుణం చూశాను.

ఆ లెక్కలో నా వాటా కూడా ఉంది. మేలో నేను రేడియేటర్ కడిగిన పైపు నీళ్లు మా షెడ్డు బోరువే. పోసిన రెండు లీటర్ల కూలంట్ ఆరు నెలల ఆదివారాల్లో కొట్టుకుపోయి, నవంబరులో దాని రంగు కూడా మిగలలేదు.

బాగుచేయడం

బండి ఉంచాలా, అమ్మాలా అన్నది ముందు తేల్చాం. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, దీనికి 2027 దాకా ఉంది, తర్వాత ఐదేళ్లకు పొడిగించుకోవచ్చు. అడుగు భాగంలో తుప్పు లేదు, గేర్‌బాక్స్ బాగుంది, సిలిండర్లు బాగున్నాయి. పాత ఇంజను తెచ్చి వేయడానికి నేను ఒప్పుకోలేదు. దాని చరిత్ర ఏ పుస్తకంలో ఉంటుంది?

హెడ్‌ను లేత్ షాపుకు పంపాను. ముందు పగులు ఉందేమోనని ఒత్తిడి పెట్టి పరీక్షించమన్నాను. ఈ పరీక్ష లేకుండా ప్లేన్ చేయించడం డబ్బు వృథా. పగులు లేదు. వంపు పోయేంత వరకే చెక్కారు, వాల్వులు రుబ్బి కూర్చోబెట్టారు. కొత్త గాస్కెట్‌తో పాటు బోల్టులు కూడా కొత్తవే వేశాను, ఒకసారి సాగిన బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు. నడిమి బోల్టు నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ రించ్‌తో బిగించాను. ఆఖరి విడత మాత్రం ఇన్ని డిగ్రీలు తిప్పాలన్న లెక్క.

కొత్త రేడియేటర్ వెంటనే పెట్టలేదు. బ్లాకు లోపలి గార అలాగే ఉండగా కొత్తది పెడితే ఆ పలుకులు వచ్చి దానిలోనే ఇరుక్కుంటాయి. అందుకని పాతది లాంటి మరో పాత రేడియేటర్ తాత్కాలికంగా తగిలించి, థర్మోస్టాట్ తీసేసి, లీటరుకు ముప్పై గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నింపి అరగంట ఇంజను నడిపాను. దించితే కాఫీ డికాక్షన్ రంగు. మళ్లీ నింపి మరో అరగంట, రెండోసారి టీ రంగు. అంతకు మించి చేయకూడదు, అల్యూమినియం కూడా కరగడం మొదలవుతుంది. తర్వాత డిస్టిల్డ్ నీళ్లతో మూడుసార్లు కడిగాను. ఈసారి షెడ్డు పైపు జోలికి వెళ్లలేదు.

పంపు, రేడియేటర్, థర్మోస్టాట్, హోసులు, మూత, డమ్మీ ప్లగ్గులు కొత్తవి. కూలంట్ నీళ్లు కలిపి తయారుగా అమ్మేదే తెచ్చాను, 4.2 లీటర్లు పట్టింది. ముందు చక్రాలు ఎత్తులో పెట్టి, హీటర్ పూర్తిగా తెరిచి, బుడగలు ఆగేదాకా నింపాను. లోపల గాలి ఉండిపోతే అంత పనీ మళ్లీ మొదటికి వస్తుంది.

మొత్తం 29,000 రూపాయలు అయింది, అందులో నా కూలి 7,000. మేలోనే పంపు మార్చి ఉంటే కూలితో కలిపి 3,500తో పోయేది. మాస్టారికి ఆ సంగతి నేనే చెప్పాను. కూలి తగ్గిస్తానన్నాను. “నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. చెరి సగం” అని కూలిలో సగం ఇచ్చారు.

ఆ తర్వాత

చల్లటి ఇంజను మీద ఒక బార్ ఒత్తిడి పెట్టి పదిహేను నిమిషాలు చూశాను, పంపు మీటరు ముల్లు కదలలేదు. వేడి మీద మళ్లీ చూశాను. ఇంజను వేడిని అంకెల్లో చూపే స్కానర్ పెట్టి హైవే మీదే నడిపాను, ఏసీతో, అరగంటకు పైగా. 93 నుంచి 97 మధ్య ఉంది. 2023 మేలో మాస్టారు మళ్లీ శ్రీశైలం వెళతానంటే స్కానర్ ఇచ్చి పంపాను. ఘాట్ రోడ్డులో అత్యధికం 101 అని ఫోను చేశారు. ఇంకొకటి కూడా చెప్పారు. 82 దగ్గరా 101 దగ్గరా డ్యాష్‌బోర్డు ముల్లు అదే చోట ఉందట. నిజమే. చాలా బండ్లలో ఆ ముల్లును కావాలనే అలా పెడతారు, చిన్న తేడాలకు కదిలి మనిషిని కంగారుపెట్టకుండా. అది సగం దాటి కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

కాబట్టి చూడవలసింది ముల్లును కాదు, పక్కన ఉండే ప్లాస్టిక్ డబ్బాను. పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బండి సమంగా నిలబెట్టి, రెండు గీతల మధ్య ఎక్కడ ఉందో. వేడి మీద కొంత పైకి వస్తుంది, అది లెక్కలోకి రాదు. రేడియేటర్ మూత వేడి మీద ముట్టుకోకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను, అయినా ఏటా ఎవరో ఒకరు చేయి కాల్చుకుని వస్తూనే ఉన్నారు. అత్యవసరంలో ఏ నీళ్లయినా పోయవచ్చు, ఇంజను ఎండిపోవడం కంటే బోరు నీళ్లు నయం. ఇంటికి చేరాక మాత్రం అది దించేయాలి. ఆర్వో నీళ్లు బోరు కంటే చాలా మేలు కానీ బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ నీళ్లకు సాటి రావు, సీసా ధర కూడా పెద్దది కాదు. కూలంట్ రంగు చూసి రకం చెప్పవచ్చని నమ్మేవాళ్లు ఉన్నారు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, ఇవన్నీ తయారుచేసేవాడి ఇష్టం. బండి పుస్తకంలో రాసిన రకం కొనాలి, రెండు రకాలు కలపకూడదు.

మా షెడ్డులో కూడా ఒకటి మారింది. వేడి ఫిర్యాదుతో ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తే ముందు డిక్కీ తెరుస్తాను. అక్కడ నీళ్ల సీసా ఉంటే ఎన్నాళ్లుగా ఉందని అడుగుతాను. జవాబు తడుముకుంటే ఒత్తిడి పంపు బయటికి తీస్తాను.

మాస్టారి పుస్తకంలో ఇప్పుడు చివర ఒక కొత్త నిలువు గడి ఉంది, ఎర్ర ఇంకుతో గీసింది. ప్రతి ఆదివారం డబ్బాలో మట్టం ఎక్కడుందో రాస్తారు. 2022 డిసెంబరు నుంచి ఇరవై ఒక్క నెలలు అందులో “మార్పు లేదు” అనే ఉంది. 2024 సెప్టెంబరులో ఒక రోజు పొద్దున్నే ఫోను చేశారు. మూడు వారాల్లో వేలెడు తగ్గిందట, నీళ్లు మాత్రం పోయలేదట, నేను చూసేదాకా అలాగే ఉంచారట. వెళ్లి చూస్తే కింది హోస్ క్లిప్పు వదులై, దాని చుట్టూ ఆకుపచ్చ మరక. స్క్రూడ్రైవర్‌తో రెండు చుట్లు తిప్పాను. గీత దాకా నింపడానికి 150 మి.లీ. పట్టింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఎర్ర గడిలో రాశారు: “కూలంట్ 150 మి.లీ., క్లిప్పు బిగింపు. ఖర్చు: రెండు టీలు.”